మొదటి పాఠం దాటని విద్యార్థి

"మీకు పిల్లలు ఎన్ని?" అని అడిగాడు లౌతారో.

"ఎన్ని కాదు నాయనా, ఎంతమంది. పిల్లలేమైనా కుర్చీలా?" అంది సీగ్రున్. "ఇద్దరు. ఇద్దరూ ఆడపిల్లలే."

వేడి వైన్ కప్పులు పట్టుకుని చుట్టూ నిలబడ్డవాళ్లంతా గొల్లుమన్నారు.

లైప్‌జిగ్ క్రిస్మస్ సంత కిటకిటలాడుతోంది. జర్మన్ నేర్చుకునే స్పానిష్ మాట్లాడేవాళ్లూ, స్పానిష్ నేర్చుకునే జర్మన్లూ ప్రతి మంగళవారం ఓ కాఫీ హోటల్లో కలుస్తుంటారు. ఏడాది చివర్లో అందరూ కలిసి ఇలా సంతకొస్తారు. ఇక్కడా నియమం నియమమే. మొదటి గంట జర్మన్, రెండో గంట స్పానిష్. కలగాపులగం చేస్తే ఊరుకోరు.

"సెప్టెంబర్లో వచ్చాడు, ఇంకా మొదటి పాఠం దాటలేదు," అంది గుంపుకి పెద్ద బెర్బెల్. "ఏమయ్యా, ఆవిడకి ఇద్దరేనని ఎన్నిసార్లు చెప్పింది? వారం వారం అడిగితే మూడోవాడు పుట్టుకొస్తాడా?"

మళ్లీ నవ్వులు. లౌతారో కూడా నవ్వాడు. సీగ్రున్ మాత్రం నవ్వలేకపోయింది.

లెక్కలో లేని ఆ బిడ్డ ఎదురుగానే నిలబడి, వేయించిన బాదంపప్పులు నములుతున్నాడు మరి.

పదిహేడేళ్లకే వాణ్ని కన్నది సీగ్రున్. పెళ్లి కాలేదు. ఆమె తండ్రి చర్చి పాస్టరు. బిడ్డతో వస్తే గడప తొక్కనివ్వనన్నాడు. సొంత దేశంలో ఉండలేక వచ్చి, ఇక్కడే పదిహేనేళ్లు బతికి ఈ ఊరివాళ్లలా అయిపోయిన చిలీ దంపతులెవరో ఆ పసివాణ్ని తీసుకున్నారు. అక్కడ రోజులు బాగుపడగానే తిరిగి వెళ్లిపోయారు. వాళ్ల పేర్లయినా అప్పట్లో ఆమెకెవరూ చెప్పలేదు. చిలీ అన్న ఒక్క మాట మాత్రం ఓ నర్సు జాలిపడి చెవిలో వేసింది.

అక్కడ మాట్లాడేది స్పానిషే. సీగ్రున్ ఆ భాష నేర్చుకున్నది అందుకే. ఇంట్లో మాత్రం, స్పెయిన్ చూడాలని సరదా అని చెప్పింది.

సెప్టెంబర్లో ఓ సాయంత్రం ఈ లౌతారో వచ్చి గుంపులో కూర్చున్నాడు. భాష నేర్చుకోవడానికి జోడీగా ఆవిడే కావాలన్నాడు. పుట్టిన తేదీ చెప్పాడు. పుట్టింది ఈ ఊళ్లోనేనని, పెంచినవాళ్లు చిలీ వాళ్లని తడబడుతూ చెప్పాడు. చెవులు చూస్తే అచ్చం ఆమె తండ్రివే. దేవుడే దారి తప్పించి తన దగ్గరికి పంపాడనుకుంది సీగ్రున్.

మరి చెప్పదేం? మొగుడికి తెలియదు, కూతుళ్లకు తెలియదు. అదో భయం. కానీ దాన్ని మించిన భయం ఇంకొకటుంది. "మరి నన్నెందుకు ఇచ్చేశావ్?" అని వాడడిగితే? ఇన్నేళ్లుగా వెతుక్కున్నా దానికి జవాబు దొరకలేదు, పిచ్చిదానికి.

రేపు పొద్దున్నే అతని విమానం. ఇవాళ కాకపోతే ఇక ఎప్పటికీ లేదు.

సొంత భాషలో గొంతు పెగలదని ఆమెకు తెలుసు. అందుకే స్పానిష్‌లో ఒకే ఒక్క వాక్యం సిద్ధం చేసుకుంది. 'నిన్ను కన్నది నేనే.' బంగాళాదుంపలు చెక్కుతూ, బట్టలు మడతపెడుతూ, అనుకుని అనుకుని నోటికి పట్టేసింది.

టౌన్ హాలు బాల్కనీలో బూరలు ఊదటం మొదలుపెట్టారు.

"గంటయింది! ఇక స్పానిష్!" అని అరిచింది బెర్బెల్. మిగతావాళ్లని సాసేజ్ కొట్టువైపు తోలుకుపోయింది. బల్ల దగ్గర వీళ్లిద్దరే మిగిలారు.

"ఈసారి నా భాషలో అడుగుతా," అన్నాడు లౌతారో నవ్వుతూ. "తప్పులు పట్టలేరు. మీకు పిల్లలు ఎంతమంది?"

సీగ్రున్ నోరు తెరిచింది. వాక్యం నాలుక చివరనే ఉంది. ఎదురుగా తన తండ్రి చెవులు, చలికి ఎర్రబడి.

"నీకేంటయ్యా ఆ ప్రశ్నంటే అంత పిచ్చి?" అంది.

"ఏమో. చెప్పండి."

"ఇద్దరు," అంది.

"మంచిది," అన్నాడు. కప్పులో మిగిలింది గుటకలో తాగేశాడు. "చలిగా ఉంది, ఇంటికెళ్లండి. నాతో చాలా ఓపిక పట్టారు మీరు. వెళ్లొస్తాను."

అంతే. జనంలో కలిసిపోయాడు.

పాపిష్టి నోరు, పెగలాల్సినప్పుడు పెగలదు. సీగ్రున్ ఉన్నట్టుండి కప్పు వదిలేసి పరుగందుకుంది. మొగుడు ఏమన్నా అననీ. వీడు మొహాన ఉమ్మినా ఉమ్మనీ. చెప్పేయాలి. పిల్లల బండ్లను తప్పించుకుంటూ, ఎవరెవరినో గుద్దుకుంటూ, తిట్లు తింటూ పరిగెత్తింది.

ట్రామ్ స్టాపు దగ్గర అతని వీపు కనిపించింది. ఆయాసంతో పిలుపు రాలేదు. దగ్గరికెళ్లి చెయ్యి చాచింది.

ఆ చెయ్యి అతని భుజానికి తగలబోతుండగా ఫోన్ మోగింది, అతను ఎత్తి, ఒక్క తప్పయినా లేని, అచ్చమైన లైప్‌జిగ్ జర్మన్‌లో అన్నాడు: "లేదమ్మా, నన్ను కన్నావిడ నోటి నుంచి ఆ మాట రాలేదు, వచ్చేస్తున్నా."