బెత్తెడు దూరంలో మంట

1998 మార్చి ఎనిమిది, ఆదివారం. మధ్యాహ్నం వంజరం పులుసు. కామరాజు ఒక్క ముక్కతో సరిపెట్టుకుని చెయ్యి కడిగేసుకున్నాడు. కరాటే పసుపు బెల్టు పరీక్ష రెండోసారీ పోయిందని తెలుసుకోడానికి భార్య తాయారు వేరే అడగనక్కర్లేకపోయింది.

కామరాజుకి నలభై ఆరేళ్ళు. తణుకు నుంచి వచ్చి ఉక్కు కర్మాగారంలో స్థిరపడ్డ మనిషి. బీపీ ఉంది, సిగరెట్లు మానమని డాక్టరు చెబితే, మనసు మళ్ళించుకోడానికి కమ్యూనిటీ హాల్లో కరాటే క్లాసులో చేరాడు. సిగరెట్లు మానేశాడు కూడా. కాని తెల్ల బెల్టుల వరసలో అతని పక్కన నిలబడేది మూడో తరగతి పిల్లలు. వాళ్ళు అతన్ని "అంకుల్" అంటూనే అతన్ని దాటుకుని పసుపు బెల్టులోకి వెళ్ళిపోతున్నారు.

అతన్ని ఆపుతున్నది ఒక కొవ్వొత్తి.

మాస్టారు ఎల్లాజీది యారాడ, చేపల వేట కుటుంబం. పెద్దవాళ్ళకి ఆయన పెట్టే పరీక్ష ఒక్కటే. గుద్దితే కొవ్వొత్తి ఆరాలి. పిడికిలి తగలకూడదు. మంటకి బెత్తెడు దూరంలో ఆగాలి, ఆ విసురుకే మంట పోవాలి. కామరాజు గుద్దితే మంట మర్యాదగా తల వంచి, మళ్ళీ లేచి నిలబడేది.

"రాజుగారూ, మీరు గుద్దతన్నారా, దానికి దండం పెడతన్నారా?" అన్నాడు ఎల్లాజీ. "బలం బుజంలో నేదు, నడుంలో ఉంది. ఇంటికాడ ఒక్కలే సెయ్యండి. ఒకటే గుద్దు. రెండోది నేర్సుకోకండి."

ఆ సాయంత్రం కామరాజు గేటు దగ్గర నిలబడి, ఏడాదిగా ముట్టని సిగరెట్ వెలిగించాడు. తాయారు చూసింది. ఏమీ అనలేదు. ఇన్నేళ్ళ కాపరంలో ఆమె ఏమీ అనకపోవడం అతనికి గుర్తున్నంతలో అదే మొదలు.

"ఇంకోసారి పోతే క్లాసు మానేస్తాను. ఈ తెల్ల డ్రస్సు చింపి మసిగుడ్డలు చేసుకో," అన్నాడు.

"అంత మందపు గుడ్డ మసిగుడ్డకి పనికిరాదండి," అంది తాయారు.

మర్నాటి నుంచి సాధన మొదలైంది. డ్యూటీ నుంచి రాగానే ఫ్యాను ఆపి, తలుపులూ కిటికీలూ మూయించి, స్టూలు మీద కొవ్వొత్తి వెలిగించి, పెరటి తలుపుకి వీపుపెట్టి దాని ఎదురుగా నిలబడేవాడు. ముందు నెమ్మదిగా. తుంటి తిరగాలి. ఎడమ చెయ్యి నడుం దగ్గరికి రావాలి. భుజం వదులుగా ఉండాలి. పిడికిలి చిట్టచివరి క్షణంలోనే బిగియాలి. తరవాత అదే గుద్దు వేగంగా, "కియా" అని కేక వేసి. ఆ ఉక్కపోత భరించలేక తాయారు అంట్లు పట్టుకుని పెరట్లోకి పోయేది.

కొన్నాళ్ళు మంట ఆరలేదు. సిగరెట్లు మాత్రం రోజుకి రెండయ్యాయి.

"ఆ కేకేంటండీ, గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు?" అంది తాయారు ఒకరోజు పెరట్లోంచి. "అరిస్తే ఇక్కడిదాకా వినబడాలి. లేదంటే మానెయ్యండి."

కామరాజుకి పౌరుషం వచ్చింది. బొడ్డులోంచి అరిచి గుద్దాడు.

మంట ఆరిపోయింది.

అతను వంగి వత్తిని దగ్గరగా చూశాడు. వెలిగించి మళ్ళీ గుద్దాడు. మళ్ళీ ఆరింది. ఆ రోజు నుంచి మంట అతని మాట వినడం మొదలుపెట్టింది. కేక నీరసంగా పడ్డప్పుడు మాత్రం మొరాయించేది. విద్యంతా కేకలోనే ఉందని కామరాజు కనిపెట్టాడు. పక్క క్వార్టర్ ఉమామహేష్ గోడ మీంచి తల పెట్టి, "బావా, నీ కేకకి మా ఇంట్లో పాలు ఇరిగిపోతన్నాయి," అని మొరపెట్టుకున్నా తగ్గలేదు.

ఇంకో విశేషం. గుద్దినప్పుడల్లా వీపు మీద చల్లగా ఏదో పాకేది. ఆ సంగతి ఎల్లాజీకి రహస్యంగా చెప్పాడు.

ఎల్లాజీ గడ్డం గోక్కున్నాడు. "ఎన్నెముకలో సల్లగానా? బ్లాక్ బెల్టొచ్చి ఇన్నేళ్ళయినాది, నాకింతవరకు రానేదు. నాకు సెమటే వత్తాది. మీది మహాయోగం, రాజుగారూ."

మే పదో తేదీన పరీక్ష. హాల్లో తలుపులు బిగించారు, ఫ్యాన్లు ఆపారు. ఎదుటి వరసలో తాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ప్రతి ఒక్కరికీ మూడు అవకాశాలు.

మొదటి గుద్దుకి మంట తల వంచి లేచింది. రెండోదానికీ అంతే. వీపు మీద చల్లదనం జాడ లేదు. చెమట మాత్రం ధారగా కారుతోంది. పిల్లల వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

కామరాజు ఊపిరి పీల్చుకున్నాడు. ఇంట్లో ఎన్నిసార్లు ఆర్పలేదు? చేతికొచ్చిన విద్య ఎక్కడికి పోతుంది? ఆ ధీమాతో భుజం దానంతట అదే వదులైంది. తుంటి తిరిగింది. కేక పడింది. పిడికిలి బెత్తెడు ఇవతల ఆగింది.

వత్తి మీంచి సన్నగా పొగ లేచింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. తాయారు ఏడ్చేసింది. పసుపు బెల్టుకే ఇంత ఏడిస్తే బ్లాక్ బెల్టు నాటికి ఈవిడ ఏమైపోతుందో అనుకున్నాడు కామరాజు.

రాత్రి పులుసు మూడుసార్లు వడ్డించుకున్నాడు. "రోజూ ఇంట్లో ఆర్పేవాడికి అక్కడ ఆర్పడం ఒక లెక్కా? మొదటి రెండూ నేనే చూసీ చూడనట్టు వదిలేశాను," అన్నాడు.

"నాకు తెలీదేంటండీ," అంది తాయారు.

మిగిలిన సిగరెట్లు చెత్తబుట్టలో పడేసి, బెల్టు తలగడ పక్కన పెట్టుకుని పడుకున్నాడు. నిమిషంలో గురక.

తాయారు లైట్లు ఆర్పి, ఇన్నాళ్ళూ అంట్ల ముందు కూర్చుని అతను "కియా" అన్నప్పుడల్లా సముద్రపు గాలికి జానెడు తెరిచి మూసిన పెరటి తలుపుకి, చప్పుడు కాకుండా గడియ పెట్టింది.