నడక వేగం

"కాలు కింద పెట్టినావంటే అయిపోయినట్టే. శశి బండి నేనే నడిపిస్తా. సరేనా రంజితమ్మా?" అన్నాడు తిలక్.

రంజిత తల ఊపింది.

హోసూరు శివారులో ఇంకా ఇళ్లు కట్టని ఖాళీ లేఅవుట్. తిలక్, శశికుమార్ మిగతా స్నేహితులు తమ పెద్ద బండ్లు వరుసగా నిలిపారు. వచ్చే ఆదివారానికి అతను పోయి ఏడాది. అతని బండి ముందు నడవగా అందరూ కన్యాకుమారి దాకా వెళ్లాలనుకున్నారు. ఆ బండిని తనే నడుపుతానని భార్య రంజిత పట్టుబట్టింది. ఇంట్లో దీపం పెట్టుకొమ్మని తిలక్ చెప్పి చూశాడు. వినకపోయేసరికి ఈ పరీక్ష పెట్టాడు. మనిషి నడిచే వేగంలో ఎనిమిది అంకె వేయాలి. కాలు నేలకు తగలకూడదు.

హైవే మీద ఆ బండి దానంతట అదే నిలబడుతుంది. నెమ్మదిగా తిప్పేటప్పుడే దాని బరువు తెలుస్తుంది. శశికుమార్ కూడా వేగంగా పోయి చనిపోలేదు. గురుబరపల్లి దగ్గర వెనక్కి తిప్పుకుంటూ ఒక పక్కకు ఒరిగాడు. వెనక లారీ ఉంది.

బండి బాగై తమ ఊరు తళికి వచ్చిన రోజు, దాన్ని అమ్మేయమన్నారు అందరూ. అత్త పిల్లమ్మ ఒక్కతే రంజిత పక్కన నిలబడింది.

"ఊరోళ్లు ఏమన్నా అనుకోనీ. నువ్వు నేర్చుకో. నేనుండాను."

వాళ్ల తోటలో గ్రీన్‌హౌస్ పక్కన చదునైన జాగా. పిల్లమ్మే టమోటా క్రేట్లు వరుసగా పెట్టేది. రంజిత వాటి మధ్య నుంచి బండి తిప్పేది. రోజురోజుకూ క్రేట్లు దగ్గరికి జరిపేది పిల్లమ్మ. చక్రాలకు పంపుతో గాలి కొట్టేదీ ఆమే.

"దీనికన్నా మన పాల ఎనుమే మేలు. అదిలిస్తే ఇంటుంది," అని నవ్వించేది.

కొన్ని రోజులు హ్యాండిల్ బురదలో తిప్పినట్టు ఉండేది. బండి పడేది. ఇద్దరూ కలిసి లేపేవాళ్లు.

"చేతులు అలిసినాయి. ఇంక చాలించమ్మా," అనేది పిల్లమ్మ.

రంజిత చాలించలేదు. ముందు చక్రంలో గాలి తగ్గితే ఈ బండి మలుపులో పడుకుంటుందని పంక్చర్ షాపులో చెప్పాక, గాలి తనే చూసుకోసాగింది. ఆ తర్వాత పడలేదు.

ఈ ఉదయం కూడా అత్తను వెనక కూర్చోబెట్టుకుని వస్తూ, హోసూరు పెట్రోల్ బంకులో గాలి చూసుకుంది. శశికుమార్ ముచ్చటపడి కొనుక్కున్న ఎర్ర వాల్వు మూతను ముందు చక్రానికి తన చేత్తోనే బిగించింది.

"బండి ఇట్ల ఇయ్యి. బ్రేకులు చూడాల," అని తిలక్ బండిని బయల్దేరాల్సిన గీత దగ్గరికి తోసుకుపోయాడు. గొంతుక్కూర్చుని చక్రాలు తడిమాడు. లేచి చేతులు దులుపుకున్నాడు.

"ఉండప్పా, నిమ్మకాయ పెట్టాల," అంటూ పిల్లమ్మ వచ్చింది.

"పరీక్షకు కూడానా అమ్మా?"

"ఆ పొద్దు నా కొడుక్కు పెట్టలేదప్పా."

మిగతా బండ్లు గుడగుడమంటున్నాయి. పిల్లమ్మ ముందు చక్రం దగ్గర చతికిలబడి, కుంకుమ పెట్టి, పెదవులు కదుపుతూ కొంతసేపు ఉంది. రంజిత హెల్మెట్ బిగించుకుంటూ తిరగాల్సిన దారినే చూస్తోంది. తిలక్ చెయ్యి అందిస్తే పిల్లమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది.

"పో తల్లీ."

నిమ్మకాయ చిట్లింది.

క్లచ్ సగం. వెనక బ్రేక్ మీద పాదం. చూపు నేల మీద కాదు, పోవాల్సిన చోట. అన్నీ గుర్తున్నాయి. అయినా మొదటి మలుపులోనే హ్యాండిల్ మొరాయించింది. రంజిత బలమంతా పెట్టి తిప్పింది. రెండో మలుపులో బండి పడుకుంది. క్లచ్ లీవర్ విరిగింది.

నలుగురు కలిసి బండిని లేపారు. రంజిత మోచేయి గీరుకుపోయింది. ఆమె దాన్ని చూసుకోలేదు. ముందు చక్రాన్ని బొటనవేలితో నొక్కింది. మెత్తగా లోపలికి పోయింది. వాల్వుకు మూత లేదు.

"గాలి యాడ పోయింది తిలకన్నా? వచ్చేటప్పుడు నేనే చూసినాను."

"నాకేం తెలుసమ్మా!"

"నువ్వే కదా చక్రం తడిమినావు. ఆయన బండి నువ్వు నడపాలని ఇంత పని చేస్తావా? మా ఇంట్లో కూర్చుని అన్నం తిన్నోడివి!"

తిలక్ మొహం పాలిపోయింది. స్నేహితులు అతని వైపే చూశారు.

"శశి మీద ఒట్టు," అన్నాడు చివరికి. "లీవర్ మార్పించి నేనే తెచ్చి..."

"నీ చెయ్యి ఆ బండికి తగలకూడదు. ఆయన బండి యాడికీ రాదు. మీరే పోండి. ఇంక మా ఇంటి గడప తొక్కొద్దు."

బండిని అక్కడే ఒక మెకానిక్‌కు అప్పగించి అత్తాకోడళ్లు తళి బస్సెక్కారు. రోడ్డు మలుపు తిరిగేదాకా తిలక్ ఎండలో నిలబడే ఉన్నాడు.

బస్సులో రంజిత ఏడుపు ఆపుకోలేకపోయింది.

"అన్న అనుకున్నాను అత్తా. ఇంక ఎవర్ని నమ్మేది? నువ్వు తప్ప నాకెవరుండారు?"

పిల్లమ్మ కోడలి తలను భుజానికి ఆనించుకుంది. కిటికీ లోంచి గులాబీ తోటల వైపు చాలాసేపు చూసింది. నోరు ఎండిపోయిందో ఏమో, వక్క కోసం కొంగు ముడి విప్పింది.

వక్కపలుకులతో పాటు ఎర్ర వాల్వు మూత జారి రంజిత ఒళ్లో పడింది.