గీత మీద నడక

"ఆ గీత మీద నడువ్, చూస్తాను!" మేస్త్రీ గొంతు షెడ్డంతా మోగింది.

నేల మీద పసుపు గీత. దాని మీద అతని సొంత చెల్లెలు. నాలుగడుగులు వేసిందో లేదో తూలి, మిషన్ల భాగాలకున్న జిడ్డు కడిగే తొట్టి అంచు పట్టుకుంది. పనివాళ్లు గొల్లున నవ్వారు.

"మేస్త్రీగారూ, చెల్లెమ్మ పొద్దున్నే పుచ్చుకొచ్చినట్టుందే!"

మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. మొగుడు పోయిన మనిషి, ఇద్దరు పిల్లలు అని వాళ్లనీ వీళ్లనీ బతిమాలి పనిలో పెట్టించింది తనే. ఆ మనిషే ఇప్పుడు సామాన్లు చేజార్చుకుంటూ, మాట ముద్దముద్దగా, ఒళ్లంతా అదో తియ్యటి వాసనతో... ఛీ! పరువు గంగలో కలిపేసింది.

"తాగలేదన్నయ్యా, పిల్లల మీదొట్టు. కాళ్లు నావి కానట్టున్నాయి. ఆ కొత్త కెమికల్ వచ్చినప్పట్నుంచే..."

"పాతది ప్రమాదమనే కదే ఇది తెప్పించారు! డబ్బా మీద పచ్చటి ఆకు బొమ్మ కూడా ఉంది. రోజంతా ఈ తొట్టి పక్కనే స్టూలేసుకుని కూర్చుంటున్నాను, నాకేమైందట? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది!"

మళ్లీ నవ్వులు. భూమి చీలితే బాగుండుననిపించింది మేస్త్రీకి.

"రేపట్నుంచి పనికి రాకు. నా చెల్లెలివని కూడా ఎక్కడా చెప్పుకోకు."

స్టూలు మీంచి గోడ పట్టుకుని లేచాడు. కోపానికి మోకాళ్లు వణికాయి. అలాగే గేటు దాటాడు.

"అన్నయ్యా, ఆగు! ఒక్కసారి ఇటు చూడు!"

చూస్తే బతిమాలుతుంది, నలుగురూ పోగవుతారు. అతను తిరగలేదు. కంకర రోడ్డు పొడుగునా ఆ పిలుపు వెంటపడుతూనే ఉంది. తల దించుకుంటే సంగతి పసిగడతారని తలెత్తుకునే నడిచాడు. లోపల మాత్రం సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

ఇంటి గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. గోడలు పట్టుకుంటూ, రొప్పుతూ చెల్లెలు వచ్చేసింది.

"ఇంటిదాకా తగలడ్డావా? ఇంకా ఏం కావాలే నీకు?"

ఆమె వంగి, స్టూలు కిందే ఉండిపోయిన అతని ఎడమ చెప్పును, కంకర కోసుకుని నెత్తురోడుతున్నా అతనికి తెలియని ఆ పాదం ముందు పెట్టింది.