గట్టు మీద డబ్బాలు

"పిచ్చయ్య గారూ, ఇవేంటి?"

రాగసుధ గొంతు పక్క పొలం దాకా వినిపించింది. మిరప చేను గట్టు మీద రెండు పురుగుమందు డబ్బాలు ఖాళీగా పడి ఉన్నాయి. ఒకటి తీసి చూస్తే ఘాటుకి ముక్కు మండింది. పిచ్చయ్య వీపు మీద పంపు ఉంది. చేతిలోని గొట్టం నుంచి ఇంకా చుక్కలు కారుతున్నాయి. దొంగ దొరికాడనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

"ఈ సీజనంతా మందు కొట్టనని మాటిచ్చారా, లేదా?"

"ఇచ్చానమ్మా."

"రేపు రైతులందరికీ మీ చేను చూపించాలా, వద్దా?"

"చూపించాలమ్మా."

రాగసుధకి ఏడుపొచ్చినంత పనైంది. ఆమె పురుగుల మీద పరిశోధన చేసే మనిషి. ఏ యూనివర్సిటీలోనూ లేదు, ఏ కంపెనీ జీతమూ తీసుకోదు. టౌనులో, బ్రాడీపేటలో ఒక అద్దె గది, ఒక మైక్రోస్కోపు, ఒక స్కూటరు. అంతే ఆమె సంస్థ. నల్ల తామర పురుగు మిరప పూతని పీల్చి పిప్పి చేస్తోంది. దాన్ని తినే మిత్రపురుగు కూడా అదే పూలలో ఉందనీ, మందు కొడితే ముందు చచ్చేది అదేననీ ఆమె వాదన. ఆ వాదన నిలబడాలంటే రెండు చేలు కావాలి. మందు కొట్టని చేను పిచ్చయ్యది. కొట్టిన చేను పక్కనున్న కోటేష్‌ది. ఊరంతా నవ్వుతుంటే పిచ్చయ్య ఒక్కడే సరేనన్నాడు. తీరా చూస్తే ఆయనా ఇంతే.

"మీరేం చెప్పొద్దు. పురుగులే చెబుతాయి," అంటూ ఆమె చేలోకి దిగింది.

తెల్ల కాగితం పట్టి, దాని మీదికి ఒక పువ్వుని వేలితో తట్టింది. భూతద్దం పెట్టి చూసింది. నల్లటి నలకల్లా కొన్ని తామర పురుగులు రాలాయి. వాటి వెంటపడి మిత్రపురుగులు పరిగెడుతున్నాయి. ఇంకో సాలులో ఇంకో పువ్వు తట్టింది. అక్కడా ఉన్నాయి, నిక్షేపంగా.

మందు పడ్డ చేలో ఇవి బతకవు. ఆమె తలెత్తింది.

"పంపులో ఏముంది?"

"నీళ్ళు," అన్నాడు పిచ్చయ్య తల గోక్కుంటూ.

"మరి ఈ డబ్బాలు?"

"మా సంగతి నీకు తెలీదమ్మా. ఏం మందు కొట్టావని ఇక్కడ ఎవడూ పక్కోణ్ణి అడగడు. గట్టు మీద డబ్బా చూసుకుంటాడు, కొట్టుకి పోయి అదే తెచ్చుకుంటాడు. డబ్బా లేదంటే చేను వదిలేశాడనే లెక్క. నా పురుగంతా వాళ్ళ చేలల్లోకి వచ్చిద్దని ఊరంతా నా మీద పడరూ? నేను లేనప్పుడు వాళ్ళే వచ్చి కొట్టేసి పోయినా పోతారు. అందుకే కోటేషు గట్టు మీదవి ఎత్తుకొచ్చి ఇక్కడ పడేశా. అందరూ చూసేట్టు నీళ్ళు కొడతన్నా."

"నాతో ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే నీళ్ళు కూడా కొట్టొద్దంటావు."

నిజమే, అలాగే అనేది. రాగసుధకి అరిచినందుకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. కాగితం, భూతద్దం పట్టుకుని కోటేష్ చేను వైపు నడిచింది.

కోటేష్ ఎదురొచ్చాడు. ఊళ్ళో ఆమెని అందరికంటే ముందు ఎగతాళి చేసింది ఇతనే.

"ఏమంటన్నాయి మేడమ్ మీ పురుగులు?"

"రేపు చెప్తాలే. నీ చేను ఒకసారి చూడాలి."

"దీంట్లో చూసేదేముంది? మంచి మందే కొట్టా. ఇవాళ వద్దులెండి."

"చూడకుండా నేనిక్కణ్ణుంచి కదలను," అని అతన్ని తప్పించుకుని చేలోకి దిగింది. పువ్వు తట్టింది. కాగితం మీద మిత్రపురుగులు పరిగెత్తాయి. కళ్ళు తుడుచుకుని ఇంకో పువ్వు తట్టింది. మళ్ళీ అవే.

"నువ్వు కొట్టింది ఏ మందు?"

"అదే... ఆ డబ్బాలోదే."

"అది కొడితే ఇవి ఉండవు కోటేష్."

కోటేష్ పిచ్చయ్య చేను వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఆ రోజు మీరు పిచ్చయ్య బాబాయికి ఈ పురుగుల సంగతి చెబుతుంటే గట్టు చాటున నేనూ విన్నా మేడమ్. చేసి చూద్దామనిపించింది. నాది కూడా నీళ్ళే. డబ్బాలు యేసుపాదం గారి గట్టు మీదవి. మీకు దణ్ణం పెడతా, బాబాయికి మాత్రం చెప్పొద్దు. ఆయన్ని పిచ్చోడని ఊరంతా చెప్పింది నేనే."

రాగసుధ గట్టు మీద కూలబడింది. రెండు చేలూ మందు లేనివే. రేపు దేన్ని దేనితో పోల్చి చూపిస్తుంది? సీజనంతా పడ్డ కష్టం బూడిదలో పోసినట్టయింది. కాసేపటికి చీరకంటిన మట్టి దులుపుకుని లేచింది.

"యేసుపాదం గారైనా నిజంగా కొడతారా?"

"భలే అడిగారు. ఆయన కొట్టని వారం ఉండదు మేడమ్. అదిగో, ఇప్పుడు కూడా."

"అయితే పోల్చేది ఆ చేనుతోనే. నాకు కొట్టిన చేను ఒక్కటి దొరికితే చాలు."

మందు మీద పడుతుందని కోటేష్ వద్దంటున్నా వినకుండా గట్ల మీద చకచకా నడిచింది. యేసుపాదం మొహానికి తువ్వాలు చుట్టుకుని, సాలు వెంట సాలు దట్టంగా కొట్టుకుపోతున్నాడు. గట్టు మీద డబ్బాలు కుప్పగా ఉన్నాయి. రాగసుధ ప్రాణం లేచొచ్చింది. గాలి అటు నుంచి ఇటే వీస్తుండడంతో కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని చేలో అడుగుపెట్టింది.

తుంపరలు చల్లగా నుదుటి మీద పడ్డాయి. అనుమానం వచ్చి, ఆమె కొంగు కొద్దిగా తొలగించి గాలి పీల్చింది.

ఏ వాసనా లేదు.