రూపక తాళం

“నాయనా, చప్పుడొక్కటే వినపడ్తాంది. లెక్క తప్పుతాండా. వేళ్లు కనపడేట్టు కెమెరా పెట్టు.”

అరబ్బు దేశంలోని సులైలో ఫ్యాక్టరీ డ్యూటీ దిగి మంచమ్మీద కూలబడిన దస్తగిరి నీరసంగా అన్నాడు, “నెట్ సరిగా లేదమ్మా.”

“నెల నుంచి ఇదే మాట! రేపే నా పాటల పోటీ. ఆదితాళం నేర్పిండేది నువ్వే గదా?”

ఇక సాకులు చెప్పే ఓపిక లేక కెమెరా పెట్టాడు. ఫోన్ తెరలో, ఇంట్లో కూర్చున్న కూతురు నస్రీన్ వెనక గోడకు అతని డోలు వేలాడుతోంది.

ఆమె పాట ఎత్తుకుంది. అతను తొడ మీద అరచేత్తో దెబ్బ వేశాడు. తర్వాత లెక్కకు చిటికెనవేలు ఆనించాలి. అక్కడ కట్టు మాత్రమే ఉంది.

పాట ఆగిపోయింది.

“మిషన్‌లో పడిందమ్మా...”

నస్రీన్ కళ్లు తుడుచుకుంది.

“రేపు రూపకంలో పాడతాలే నాయనా. రెండు దెబ్బలు, ఒక విసురు. దానికి వేళ్లు ఎంచే పన్లేదు. నువ్వెయ్యి.”