బురుజు తలుపు

పెద్ద వరద వచ్చిపోయిన మూడో ఏడు. ఎండాకాలం, మధ్యాహ్నం. గడియారం బురుజు తలుపు ఢామ్మని మూసుకుంది.

కాపలా ముసలాయన అప్పటికి సగం మెట్లు ఎక్కాడు. వెనక వస్తున్న ఇంజనీరు కిందినుంచి కేకేశాడు.

"ఏమయ్యా, ఏం తలుపిది? ఇంత గాలికే పడిపోయింది!"

ముసలాయన గబగబా దిగొచ్చాడు. వరదకి పాత తాళం తుప్పుపట్టి పోతే కొత్తది బిగించారు. తలుపు మూసుకుంటే తాళం దానంతటదే పడుతుంది. తీయాలంటే లోపలినుంచైనా, బయటినుంచైనా తాళంచెవి ఉండాల్సిందే. చిటికెన వేలంత ఇత్తడి చెవి. ముసలాయన జేబులు తడిమాడు. బొడ్లో తడిమాడు.

"బయట కన్నంలోనే వదిలేసి ఎక్కాను సార్."

"బాగుంది! ఐదింటికి నేను ఆఫీసులో ఉండాలని తెలుసా నీకు?"

తెలుసు. పేట పేటంతటికీ తెలుసు. బురుజు కూల్చి దుకాణాలు కడతారట. ఇంజనీరు లోపల చూసి, గోడలు బీటలు వారాయని సంతకం పెట్టి, ఐదు లోపు ఆఫీసులో ఇవ్వాలి. ఇవాళే ఆఖరు. ఇవాళ దాటితే కూల్చమన్న ఉత్తర్వు చెల్లదు. రేపు పేటవాళ్ల మొర వింటారు.

"బీటలెక్కడున్నాయి సార్? మీరే చూడండి."

"ఉన్నాయని పైవాళ్లు రాసేశారు. నాది సంతకమే."

"పెట్టనంటే?"

"నన్ను పీకేసి, పెట్టేవాణ్ణి పంపుతారు. పెళ్లాం బిడ్డలున్నవాణ్ణి. నోరుమూసుకుని పైకెళ్లి ఎవర్నైనా పిలువు."

ఇద్దరూ ఎక్కారు. ఇంజనీరు కుడికాలు ఈడుస్తున్నాడు.

"బూటు కరుస్తోందా సార్? విప్పేయండి."

"నా బూట్లతో నీకేం పని?"

పైన, ఆగిపోయిన గడియారం కింద కిటికీలోంచి ముసలాయన తల బయటపెట్టి అరిచాడు. "ఒరేయ్, ఎవరైనా రండ్రా! చిక్కుకుపోయాం!"

కింద గొడుగులు బాగుచేసేవాడు తలెత్తాడు. నవ్వుతూ చెయ్యి ఊపాడు.

"ఎగిరిపోయాయిలే బాబాయ్! గొంతు చించుకోకు!"

ముసలాయన నీరుగారిపోయాడు. రోజూ ఈ కిటికీలోంచే పావురాల్ని తిడతాడు. ఆ తిట్లు పేటకి అలవాటు. ఎన్ని కేకలు వేసినా ఇంకెవడూ తలెత్తను కూడా లేదు.

"రోజూ ఎందుకయ్యా అరవడం?"

"గడియారం మీద రెట్టలేస్తాయి సార్."

"ఇవాళ మన నెత్తిన వేశాయి."

"మీరూ ఒక కేక వేయండి సార్. కొత్త గొంతైతే చూస్తారు."

"నాకు గొంతు పట్టేసింది."

ఇంజనీరు గడియారం పళ్లచక్రం పక్కన కూలబడ్డాడు. చేతివాచీ చూసుకున్నాడు. కాసేపటికి మళ్లీ చూసుకున్నాడు. ముసలాయనకి ఊరుకోబుద్ధి కాలేదు.

"వరదలో పేటంతా ఈ మెట్లమీదే ప్రాణాలు దక్కించుకుందట సార్. నేను ఆ తర్వాత చేరాను. మీరు కూర్చున్న చోటే ఎవరో పొరుగూరావిడ ప్రసవించిందట, చీకట్లో. మొగుడు చొక్కా విప్పి పిల్లని చుట్టాడట."

"పనిలేకపోతే కథలకేం తక్కువ."

"నా కొలువు ఊడుతుందేమో సార్."

"ముందు నాది ఉండనీ."

ఎండ కిటికీ దాటి గోడెక్కింది. ఇంజనీరు వాచీ చూసి, "ఐదు దాటింది," అన్నాడు. కళ్లు మూసుకుని గోడకి జారగిలబడ్డాడు. చూస్తే జాలేసింది ముసలాయనకి.

పొద్దువాలుతుంటే ముసలాయన భార్య వెతుక్కుంటూ వచ్చింది.

"ఇంటికి రావా? ఇంకా పావురాలతోనేనా ముచ్చట్లు?"

"తలుపు పడిపోయిందే! కన్నంలో చెవి ఉంది, తియ్యి!"

"కన్నమే ఉంది. చెవి లేదు."

వడ్రంగి వచ్చి బందులు ఊడదీసి, తలుపు ఎత్తి పక్కన పెట్టాడు. ముసలాయన గడప దగ్గరా, మెట్ల కిందా వంగి వంగి వెతికాడు. "ఇక్కడే పెట్టానే..."

"తల మెడమీదే ఉందా, అదీ ఎక్కడైనా పెట్టావా?" అంది భార్య.

ఇంజనీరు గడప దాటాడు. కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ వచ్చాడు, కుంటుకుంటూనే. భుజం మీద ఒక చిన్నపిల్ల.

"నన్ను తీసేశారా సార్?"

"లేదు. తలుపు పడి చిక్కుకుపోయామని చెప్పాను. మండిపడి, నన్ను వేరే ఊరికి మార్చారు. ఉత్తర్వు చెల్లకుండా పోయింది."

"పాపం, నా మూలంగా... ఈ పాపెవరు సార్?"

"మా అమ్మాయి. ఊరు వదిలేలోగా, పుట్టిన చోటు చూపిద్దామని."

ముసలాయన తలెత్తి పైన గడియారం కేసి చూశాడు. పిల్ల పావురాల్ని చూసి చప్పట్లు కొట్టింది.

"వడ్రంగిని పిలిచి తలుపు బిగించు," అన్నాడు ఇంజనీరు.

కుడి బూటు విప్పి, ఇత్తడి చెవి తీసి ముసలాయన చేతిలో పెట్టాడు.