కాగితపు తోరణం

అన్న పోయి ఏడాదైనా తిరక్కుండానే తమ్ముడు ఇంటి ముందరి కొట్టు గుమ్మానికి తోరణం కడుతున్నాడని ఎదురింటి సత్యనారాయణమ్మ బావి దగ్గర పదిమంది చెవినా వేసిందట. ఆ మాట మోసుకొచ్చిన భార్య కన్యకను స్టూలు మీదనుంచే కసిరాడు కోటిలింగం.

"ఉగాదినాడు పేట బజారంతా పచ్చగా ఉంటే మన కొట్టొక్కటే బోసిగా ఉండాలా? కొనేవాడు గుమ్మం తొక్కుతాడా?"

"చావు జరిగిన ఇంట్లో ఏడాదిపాటు పండగ లేదని మీరేగా అన్నారు."

"పండగ ఎవరు చేస్తున్నారే? ఇవి చెట్టున కోసినవా? రంగు కాగితం తెచ్చి నేనే కత్తిరించా."

గట్టిగానే అన్నాడు గానీ చేతులు తొందరపడుతున్నాయి. పెరట్లో స్నానానికెళ్లిన వదిన వచ్చేలోగా ముడి పడాలి. నిరుడు ఇదే గుమ్మానికి అన్న తోరణం కడుతుంటే, కింద స్టూలు కదలకుండా పట్టుకున్నది తనే.

ముడి పడకముందే వదిన వచ్చి గడప దగ్గర నిలబడింది. జారిపడిన ఆకొకటి తీసి వేళ్లతో నలిపి చూసింది.

కోటిలింగం ఆమె వైపు తిరగలేదు. "మామిడాకులు కావు వదినా, ఉత్త కాగితాలే. వీటికి పట్టింపు లేదు."

"ఆకులు కాగితాలే నాయనా. మీ అన్నయ్య మాత్రం నిజంగానే పోయాడు."